ఒకే ఉపగ్రహంతో దక్షిణ దిశ ఎలా తేలింది?
పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. 2014 మార్చి 8న అదృశ్యమైన మలేషియా ఎయిర్‌లైన్స్ విమానం ఎంహెచ్370 ఉత్తరానికి కాక దక్షిణానికే వెళ్ళిందని ఒక్క ఉపగ్రహంతో ఎలా చెప్పారన్న మీ సందేహం చాలా సరైనది. ఉపగ్రహం ద్వారా విమానానికి సంకేతం వెళ్ళి రావడానికి పట్టిన సమయం దూరాన్ని, అంటే భూమిపై ఒక వృత్తాన్ని మాత్రమే ఇస్తుంది. దిక్కును పట్టించినది ఆ సంకేతపు పౌనఃపున్యంలోని, అంటే సెకనుకు కంపనాల సంఖ్యలోని, తేడా. మన నౌపడా–గుణుపూర్ రైలు గేటు దగ్గరకు వస్తున్నప్పుడు హెచ్చుగా, దాటాక తగ్గుగా వినిపించే కూత వంటిదే ఇది. విమానంలోని పరికరం తన వేగం వల్ల కలిగే మార్పును ముందే సవరిస్తుంది గాని, ఉపగ్రహం భూమధ్యరేఖపై నిశ్చలంగా ఉందనుకొని ఆ లెక్క వేస్తుంది. నిజానికి ఇన్‌మార్‌శాట్ అనే ఉపగ్రహ సమాచార సంస్థకు చెందిన ఆ ఉపగ్రహం ఉత్తర దక్షిణాలుగా కొద్దిగా ఊగుతూ ఉండటం వల్ల, సవరణ తరువాత మిగిలే స్వల్ప శేషం రెండు మార్గాలకూ వేర్వేరుగా వస్తుంది. నమోదైన విలువలు దక్షిణ మార్గానికే సరిపోయాయి. మీరు గీసిన బొమ్మలో ఏడవ చాపంపై, అంటే విమానం చివరి సంకేతానికి వచ్చిన వృత్తపు భాగంపై, పెట్టిన ఒంటరి చుక్కను మాత్రం దయచేసి తీసివేయండి, ఎందుకంటే ఈ లెక్క చాపాన్ని చూపుతుందే తప్ప దానిపై చోటును ఖాయం చేయదు.