వెనుక బ్లేడుతో తోట దారి చదును చేస్తుంటే అలలు పడుతున్నాయి: ఏం చేయాలి?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హొసకోటె తాలూకా. మల్బరీ, కూరగాయలు వేస్తాం, నాలుగు పాడి ఆవులున్నాయి. రోడ్డు నుంచి పాక వరకు 150 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున ఎర్రమట్టి దారి ఉంది. పాల వ్యాను, కూరగాయల బండ్లు తిరిగి గుంతలు పడ్డాయి. 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరుకు 5 అడుగుల వెనుక బ్లేడు తగిలించి ఎన్నిసార్లు లాగినా చదును కాకపోగా కొత్తగా అలలు పడుతున్నాయి. బ్లేడు మార్చాలా, ఇంకేదైనా ఉపాయం ఉందా?

సమాధానం: బ్లేడు మార్చనవసరం లేదండీ. మీ బ్లేడులో లోపం ఉన్నట్లు తోచడం లేదు. వెనుక బ్లేడు తన కింద ఉన్న నేలను బట్టి కాక, ట్రాక్టరు చక్రాల కింద ఉన్న నేలను బట్టి లేస్తూ దిగుతూ ఉంటుంది కాబట్టే ఈ అలలు పుడతాయి.

మినీ ట్రాక్టరు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం సుమారు 1.5 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి బ్లేడు దాకా సుమారు ఒక మీటరు ఉంటుందనుకుందాం. ముందు చక్రాలు 5 సెంటీమీటర్ల మిట్ట ఎక్కినప్పుడు బండి వెనక్కి వాలి, బ్లేడు దాదాపు 3 సెంటీమీటర్లు కిందికి దిగి నేలను తవ్వుతుంది. కాసేపటికి అదే మిట్టను వెనుక చక్రాలు ఎక్కగానే బ్లేడు 8 సెంటీమీటర్లకు పైగా లేచిపోయి, అప్పటిదాకా లాక్కొచ్చిన మట్టిని కుప్పగా వదిలేస్తుంది. అంటే ఉన్న ఒక్క మిట్టకు తోడు ఒక గుంత, మరో మిట్ట తయారవుతాయి, తర్వాతి విడతలో చక్రాలు వాటి మీదుగా నడిచి ఇంకొన్నిటిని పుట్టిస్తాయి. రోడ్డు పనులు చేసే పెద్ద గ్రేడరుకు ఈ బాధ తక్కువగా ఉండడానికి కారణం, దాని బ్లేడు ముందు, వెనుక చక్రాల మధ్యలో ఉండడమే.

పనిముట్టును ఎత్తి దించే హైడ్రాలిక్ లివర్లు కూడా ఈ తప్పుకు దోహదం చేస్తాయి. మూడు లింకులతో పనిముట్టును తగిలించి, లాగుడు బరువును బట్టి దానిని తనంతట తానే పైకెత్తే డ్రాఫ్ట్ కంట్రోల్ ఏర్పాటును హ్యారీ ఫెర్గూసన్ 1930లలో ట్రాక్టర్లతో పాటు మార్కెట్లోకి తెచ్చినది నాగలి కోసం. గట్టి నేల తగిలినప్పుడు నాగలి కాస్త లేస్తే మంచిదే, కానీ గట్టి మిట్టను చెక్కవలసిన బ్లేడు సరిగ్గా అక్కడే లేచిపోతే పని చెడుతుంది. కాబట్టి మీ ట్రాక్టరు మాన్యువల్‌లో చెప్పిన విధంగా డ్రాఫ్ట్ లివరును పక్కన పెట్టి, ఈ పనంతా పొజిషన్ కంట్రోల్ లివరుతోనే, అంటే పనిముట్టును మీరు పెట్టిన ఎత్తులోనే నిలిపే లివరుతోనే చేయండి. బ్లేడును పూర్తిగా కిందికి వదిలేయడం కూడా సరికాదు; అలా వదిలితే అది తన సొంత బరువుతో నేల మీద దేకుతూ, మిట్ట వచ్చినచోట ఎక్కి, గుంత వచ్చినచోట దిగుతుందే తప్ప కోయదు.

పని మొదలుపెట్టే ముందు వెనుక టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉందో లేదో, బ్లేడును మోసే రెండు లిఫ్ట్ ఆర్మ్‌లు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకుని, బ్లేడు అటూ ఇటూ ఊగకుండా పక్క గొలుసులను బిగించండి. బ్లేడు పై భాగాన్ని ట్రాక్టరుకు కలిపే కడ్డీని, అంటే టాప్ లింకును సర్దేటప్పుడు బ్లేడును పక్క నుంచి వంగి చూడండి. పై అంచు వెనక్కి వాలి కింది అంచు ముందుకు చొచ్చుకుని ఉంటే అది నేలను కొరుకుతుంది, పై అంచు కాస్త ముందుకు వాలి ఉంటే గీకుతుంది. మట్టి కదిలించడానికి మొదటిది, చివరి నునుపుకు రెండవది పనికి వస్తాయి.

ఇక మట్టి తేమ విషయం. నా అభిప్రాయంలో సగం ఫలితం దీని మీదే ఆధారపడి ఉంటుంది. బెంగళూరు చుట్టుపక్కల ఎర్ర నేల ఎండితే ఇటుకలా గట్టిపడి బ్లేడును ఎగరేస్తుంది, తడి ఎక్కువైతే ముద్దలుగా బ్లేడుకు అతుక్కుంటుంది. దారిలో నాలుగు వేళ్ల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. అది ఉండగా నిలిచి, అరచేతికి తడి అంటకుండా, బొటనవేలితో నొక్కగానే రెండు మూడు ముక్కలుగా విరిగితే అదే అదును. రోహిణి కార్తె చివర, మృగశిర మొదట్లో ఒకటి రెండు వానలు పడి వెలిసిన తర్వాత ఇలాంటి రోజులు దొరుకుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల పెద్ద వానలకు ముందే దారి బిగిసిపోవాలి గనుక ఈ పనిని ఆ నెలల దాకా వాయిదా వేయవద్దు.

అదును చూసుకుని, ముందుగా ఐదు కర్రుల కల్టివేటరుతో దారి మొత్తాన్ని, గుంతల అడుగు కంటే ఒక వేలు లోతుగా గుల్ల చేయండి. చాలామంది గుంతలో వదులు మట్టి పోసి పైన బ్లేడు లాగి వదిలేస్తారు. ఆ మట్టి చుట్టూ ఉన్న గట్టి నేలతో కలవదు కాబట్టి మొదటి వానకే బయటకు వచ్చేస్తుంది. దారంతా గుల్ల అయ్యాక బ్లేడును ఒక కొన ముందుకు, మరో కొన వెనక్కి ఉండేలా 30 డిగ్రీల ఏటవాలుగా తిప్పి, తక్కువ గేరులో, మనిషి నడకను మించని వేగంతో లాగండి. ఆ వాలులో మీ 5 అడుగుల బ్లేడు అడ్డంగా సుమారు 130 సెంటీమీటర్లు కప్పుతుంది; మీ టైర్ల బయటి అంచుల మధ్య దూరం అంతకంటే తక్కువ ఉంటేనే టైర్ల జాడలు చెరుగుతాయి, కనుక ముందే టేపుతో కొలిచి చూసుకోండి. నడుస్తున్నంతసేపూ లివరును ఆడిస్తూ ఉండవద్దు. ప్రతి మిట్టకూ లివరు కదిపే డ్రైవరు చేసిన దారి ఎప్పుడూ అలలుగానే ఉంటుంది, ఎందుకంటే చేయి కదిలే సరికి బండి ఆ చోటు దాటిపోయి ఉంటుంది. ఒక్కో విడతలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి కోయకుండా, ఎక్కువ విడతలు తిరగడమే మేలు.

దారిని బల్లపరుపుగా చేయాలనుకోవడం కూడా పొరపాటే. నడిమి భాగం అంచుల కంటే 6 సెంటీమీటర్లు ఎత్తుగా, అంటే మధ్య నుంచి అంచుకు 4 శాతం వాలుతో ఉంటే వాన నీరు నిలవకుండా పక్కలకు జారిపోతుంది. ఇందుకు లిఫ్ట్ రాడ్డుకున్న లెవెలింగ్ క్రాంకును (బ్లేడు ఒక పక్కను ఎత్తి దించే పిడిని) తిప్పి, దారి అంచు వైపున్న బ్లేడు కొనను కొంచెం కిందికి దించి, వెనక్కి ఉన్న కొన దారి మధ్యకు ఉండేలా పెట్టుకుని, వెళ్లేటప్పుడు ఒక అంచు, వచ్చేటప్పుడు రెండో అంచు పట్టుకుని లాగితే మట్టి తనంతట తానే నడిమికి చేరుతుంది. అంచుల గడ్డి మాత్రం లోపలికి లాగవద్దు, అది మట్టిలో కుళ్లి కొత్త గుంతలకు దారి తీస్తుంది. అలాగే అంచున మట్టి గట్టులా మిగిలితే నీరు దారి మీదే కాలువ కట్టుకుంటుంది, దానిని తప్పక తీసేయండి.

చివరి విడతకు బ్లేడును పూర్తిగా వెనక్కి తిప్పి, కుంభాకారపు వీపు ముందుకు ఉండేలా లాగితే అది తవ్వకుండా మట్టిని పరుస్తుంది. బ్లేడుకు వెనుక రెండు గేజ్ చక్రాలు వెల్డింగ్ చేయించుకోగలిగితే, అవి చదునైన నేల మీద నడుస్తూ ట్రాక్టరు కుదుపు బ్లేడుకు చాలా వరకు చేరకుండా ఆపుతాయి. కొత్త పనిముట్టు కొనడం కంటే ఇదే నాకు నచ్చిన ఖర్చు. ఆ వీలు లేకపోతే రెండు పాత ఇనుప చానెళ్లను అడ్డంగా, మీటరు ఎడంలో బిగించి గొలుసుతో లాగినా చిన్న అలలు పోతాయి. రివర్సులో నెట్టడం వల్ల బ్లేడు చక్రాలకంటే ముందే నేలను సరిచేస్తుంది నిజమే, అయితే వదులు మట్టికి మాత్రమే ఆ పద్ధతి వాడండి, రాయి గాని వేరు గాని తగిలితే లింకులు వంగిపోతాయి. నడుస్తున్న ట్రాక్టరు వెనుకకు పిల్లలను, పశువులను రానివ్వవద్దు.

మట్టి సరిపోకపోతే గరుకు గ్రావెల్, క్రషర్ డస్ట్ కలిపి 10 సెంటీమీటర్ల మందాన పరవండి. మీ దారికి 45 క్యూబిక్ మీటర్లు, అంటే 3 క్యూబిక్ మీటర్లు పట్టే ట్రాలీతో 15 లోడ్లు కావాలి. దానిని రెండు పొరలుగా వేసి, ఒక్కో పొరను తేమ మీద ఉండగానే రోలరు అద్దెకు తెచ్చి తొక్కించండి. బిగిసేవరకు పాల వ్యానును గేటు దగ్గరే ఆపించి, ఆ తర్వాత కూడా మెల్లగా నడపమని డ్రైవరుకు చెప్పండి, ఎందుకంటే పొడి మట్టి మీద వేగంగా తిరిగే బండ్లు అదే రకం అలలను తామే పుట్టిస్తాయి.