సొంత డిజైన్లు గీద్దామంటే చెయ్యి తిమ్మిరి, మనసు బరువు... మందులు వాడితే ఆలోచన మొద్దుబారుతుందా?

ప్రశ్న: నా వయసు 46. మాది పుట్టపాక దగ్గరి ఊరు. పాతికేళ్లుగా ఇక్కత్ చీరలకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీస్తూ, చిటికి కడుతూ (అద్దకానికి ముందు దారానికి ముడులు వేస్తూ) బతుకుతున్నాను. నిరుడు అమ్మ చనిపోయింది, ఆర్డర్లు పడిపోయాయి, అప్పు మిగిలింది. ఏడాదంతా సావుకారి ఇచ్చిన పాత నమూనాలే కట్టాను. ఇక నా సొంత డిజైన్లే, అందులోనూ నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలు పనే చేయాలని గట్టిగా అనుకున్నాను. కాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. నిద్ర కోసం రోజూ కల్లు తాగుతున్నాను. రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. నేను లేకపోతేనే ఇంట్లోవాళ్లకు నయమేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. మానసిక వైద్యుడి మందులు వాడితే ఉన్న కాస్త ఆలోచనా మొద్దుబారుతుందని భయం. సావుకారి పని మానేయమంటారా?

జవాబు: మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన మాటతోనే మొదలుపెడతాను. ‘నేను లేకపోతేనే నయం’ అన్న ఆలోచన అప్పుడప్పుడే వచ్చినా సరే, ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. పురుగుమందులు, అద్దకం రసాయనాలు ఉంటే తాళం వేసి, తాళంచెవి వాళ్ల దగ్గరే పెట్టుకోమనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఆ ఆలోచన గట్టిపడితే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకుండా, ఎవరినైనా వెంటబెట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

తల్లి పోయిన దుఃఖం జబ్బు కాదు. కానీ దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి దాదాపు రోజంతా ఉంటూ, చావు ఆలోచనలూ తోడైతే డిప్రెషన్‌గానే చూస్తాం. సొంత డిజైన్ల నిర్ణయం మంచిదే. అయితే దాన్నే వైద్యం అనుకుంటున్నారేమోనని నా అనుమానం. అలా అనుకుంటే, కాగితం ఖాళీగా మిగిలిన ప్రతి రోజూ ‘నా పనైపోయింది’ అన్న తీర్పు మీకు మీరే ఇచ్చుకుంటారు.

మందుల భయం కళాకారుల్లో తరచూ చూస్తుంటాను. బాధలోంచే బొమ్మ పుడుతుందన్న మాట వినడానికి బాగుంటుంది. మూడింటికి లేచి పైకప్పు చూస్తూ పడుకున్న మనిషి గ్రాఫ్‌లో గడులు ఎలా లెక్కపెడతాడు? ఇక్కత్‌లో నేతకు ముందే దారం మీద డిజైన్ అంతా ముడుల లెక్కలో ఉండాలని మీకు నేను చెప్పక్కర్లేదు. డిప్రెషన్ దెబ్బతీసేది ఆ ఏకాగ్రతనే. డిప్రెషన్‌కు సాధారణంగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు రెండు నుంచి నాలుగు వారాల్లో గుణం చూపడం మొదలవుతుంది. తొలి రోజుల్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు. మత్తుకు అలవాటు చేసేవి కావు, అయినా ఉన్నట్టుండి ఆపకూడదు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగిస్తాం. కొందరికి సంతోషమూ బాధా రెండూ చప్పబడినట్టు అనిపించే మాట నిజమే. అలా అయితే డాక్టర్‌కు చెప్పండి, మోతాదో మందో మారుస్తారు.

కల్లు విషయంలో కాస్త భయపెట్టక తప్పదు. పాలమూరు మొదలుకొని మన జిల్లాల్లో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలపడం కొత్తేమీ కాదు. అలాంటిది రోజూ తాగుతూ ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ కూడా రావొచ్చు. కాబట్టి రేపటి నుంచి బంద్ అని ఒట్టు పెట్టుకోకండి. డాక్టర్ పర్యవేక్షణలో తగ్గించండి. ఆ మూడింటి మెలకువలో కల్లు వాటా కూడా ఉండొచ్చు.

చెయ్యి సంగతి కొంత తేలిక. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి, విదిలిస్తే సర్దుకుంటుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టే. కార్పల్ టన్నెల్ అంటాం. రోజంతా రబ్బరు ముక్కలతో ముడులు బిగించే చేతికి ఇది వింత కాదు. మణికట్టు వంగకుండా రాత్రిపూట స్ప్లింట్ (గట్టి పట్టీ) కట్టుకుని ఆరు వారాలు చూడండి. చిటికెన వేలు తిమ్మిరెక్కినా, మెడ నొప్పి ఉన్నా కారణం వేరే కావొచ్చు. థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు తప్పకుండా చేయించండి. థైరాయిడ్ తగ్గినవారిలో చేతి తిమ్మిరి, దిగులు రెండూ కనిపిస్తాయి. బొటనవేలి కింద కండ తగ్గినా, పట్టు సడలినా ఆగకుండా నరాల పరీక్షకు వెళ్లాలి.

సావుకారి పని ఇప్పుడే మానకండి. అప్పుండగా ఆదాయం తెంపుకుంటే దిగులు పెరుగుతుంది. తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాక మీకు ఆశ కలగడం సహజమే. కానీ నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టే పని అది. ఇప్పుడే నెత్తిన వేసుకోవద్దు. రోజూ పొద్దున ఒకే వేళకు అరగంట, చిన్న గ్రాఫ్ ముక్క మీద ఒక్క బూటీ (చిన్న బొమ్మ) గీయండి. మనసొచ్చాక కూర్చుందామని ఆగితే ఈ జబ్బులో అది రాదు, కూర్చోగా కూర్చోగా వస్తుంది. నచ్చకపోయినా చింపకండి. నిద్ర కుదిరి ఒకటి రెండు నెలలయ్యాక, నెలలో కొన్ని రోజులు సొంత పనికి వదలమని సావుకారిని అడగండి.

నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రికో, బీబీనగర్ ఎయిమ్స్‌కో ఈ వారంలోనే వెళ్లండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లండి. కల్లు లెక్క మీకంటే వాళ్లే సరిగ్గా చెబుతారు.