లాప్‌టాప్ సంగతి తరవాత, ముందు సిలబస్ చూడు

చిట్టితల్లీ,

సీఎస్ఈలో (కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్) సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. ఏ లాప్‌టాప్ కొనాలో మామయ్యని కనుక్కోమన్నావట. అది తరవాత చూద్దాంలే. మీ కాలేజీ హైదరాబాద్ జేఎన్టీయూ కిందిది కాబట్టి ముందు నీ బ్యాచ్ రెగ్యులేషన్స్ (అంటే యూనివర్సిటీ అప్పుడప్పుడూ మార్చే చదువు నియమాలు), కోర్స్ స్ట్రక్చర్ (ఏ సెమిస్టర్లో ఏ సబ్జెక్టులో చెప్పే పట్టిక) యూనివర్సిటీ సైట్లోంచి ప్రింట్ తీసి పెట్టుకో. సీనియర్లు మంచివాళ్లే కానీ, వాళ్లు చెప్పేది వాళ్ల రెగ్యులేషన్ లెక్క.

కోర్స్ స్ట్రక్చర్లో ప్రతి సబ్జెక్టు పక్కన ఎల్, టీ, పీ, సీ అని నాలుగు గడులుంటాయి. మొదటి మూడూ వారానికి లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్ గంటలు. నాలుగోది క్రెడిట్లు. క్లాసైతే గంటకొకటి, ల్యాబైతే రెండు గంటలకొకటి. నాలుగేళ్లలో అలా నీ రెగ్యులేషన్ చెప్పినన్ని కూడబెట్టాలి. కొన్ని తప్పనిసరి సబ్జెక్టులకి సీ కింద సున్నా కనిపించొచ్చు. సున్నాయే కదా అని ఎగ్గొట్టకు, అవి పాసవకపోతే పట్టా రాదు. హాజరు 75 శాతం ఉండాలి. ఆరోగ్యం బాగాలేకపోతే 65 దాకా కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) అడగొచ్చు, అంతకు దిగితే ఆ సెమిస్టర్ పోయినట్టే.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఈ సబ్జెక్టులు దేనికది విడిగా కనిపిస్తాయి గానీ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. మొదటేడు సీ ప్రోగ్రామింగ్‌లో పాయింటర్లు (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామాలు) అర్థం కాకపోతే తరవాత డేటా స్ట్రక్చర్స్‌లో తెల్లమొహం వేస్తావు. లింక్డ్ లిస్టంటే గొలుసు, అందులో ఒక్కో లింకు (నోడ్) తరవాతిదాని చిరునామా దాచుకుంటుంది. దాంట్లోంచి ఒక నోడ్ తీసెయ్యాలనుకో. దాని ముందున్న నోడ్‌ని తరవాతి నోడ్‌కి కలిపాకే దీన్ని ఫ్రీ చెయ్యాలి, అంటే దీని మెమరీని వదిలెయ్యాలి. ముందే ఫ్రీ చేస్తే ఆ తరవాతి గొలుసంతా ఎక్కడుందో చెప్పే చిరునామానే పోతుంది. కోడ్ బట్టీపట్టిన పిల్లలు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. నోట్‌బుక్‌లో గళ్లు గీసి, బాణాలు వేసి, చెరిపి మళ్లీ వేసి చూడు. పది పేజీలు ఖరాబైనా పర్వాలేదు.

డిస్క్రీట్ మ్యాథ్స్‌ని కూడా 'లెక్కల పేపరేలే' అని గైడుతో గట్టెక్కించేస్తారు. మూడో ఏడు ఆటోమేటా, కంపైలర్ డిజైన్ వచ్చేసరికి సెట్లు, రిలేషన్లు, ప్రూఫులు మళ్లీ మొదటికొస్తాయి. ఎంటెక్ కోసం గేట్ పరీక్ష రాసే ఆలోచన ఉంటే, 100 మార్కుల్లో 13 ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కే, డిస్క్రీట్ మ్యాథ్స్ అందులోదే. అలాగే కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో మెమరీ సంగతి సరిగ్గా పట్టుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో పేజింగ్ (మెమరీని సమానమైన ముక్కలుగా పంచే పద్ధతి) దగ్గర టెన్షన్ ఉండదు.

ఎలక్టివ్‌ల (మనం ఎంచుకునే సబ్జెక్టులు) దగ్గర నిజం చెప్తాను. సిలబస్ పుస్తకంలో చాలా పేర్లుంటాయి కానీ చాలా కాలేజీల్లో చెప్పేవాళ్లున్నవే పెడతారు, క్లాసులో ఎక్కువమంది ఏది టిక్ పెడితే అదే నడుస్తుంది. నీకు కావలసింది దొరక్కపోతే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్‌లో చెయ్యి. 12 వారాల కోర్సుకు మామూలుగా మూడు క్రెడిట్లు, మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకి, 75 శాతం పరీక్షకి. ఆ క్రెడిట్లు మీ కాలేజీ కలుపుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే పరీక్షల విభాగంలో అడుగు, కాగితం మీద రాయించుకో.

బ్యాక్‌లాగ్ పడితే (ఏదైనా సబ్జెక్టు తప్పి మిగిలిపోతే) కంగారుపడకు, కానీ తరవాతి సప్లిమెంటరీకే రాసెయ్యి. ఉద్యోగాలివ్వడానికి క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని పరీక్షకే కూర్చోనివ్వవు.

ప్రింట్ తీశాక మొదటి సెమిస్టర్ పేజీ ఫొటో తీసి పంపు. ఏ సబ్జెక్టుకి ఏ పుస్తకం కొనాలో, ఏది లైబ్రరీలో తెచ్చుకుంటే చాలో మార్కు పెట్టి పంపిస్తాను. లాప్‌టాప్ సంగతీ అప్పుడే మాట్లాడుకుందాం.

మీ మామయ్య