ఆదివారం ఏమీ డిలీట్ చెయ్యకు అమ్మడూ

చి. అమ్మడికి అత్త ఆశీస్సులు.

మాదాపూర్ ఉద్యోగం మానేశావనీ, ఇక నీ మిద్దె తోట వెబ్‌సైటు మీదే బతకాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది. కానీ ఆ వెంటనే, గూగుల్ అప్‌డేట్ తర్వాత వచ్చేవాళ్లు సగానికి పడిపోయారనీ, ఆదివారం కూర్చుని పాత పోస్టులన్నీ తీసేస్తావనీ, వారంలో గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అన్నవాడెవడికో డబ్బు కడతావనీ కూడా చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు నాకు.

ముందు గూగుల్ సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డులో, అంటే ఇలాంటి మార్పులు ఎప్పుడు మొదలయ్యాయో ఎప్పుడు ముగిశాయో గూగుల్ చెప్పే పేజీలో, ఆ అప్‌డేట్ ముగిసిందో లేదో చూడు. ఏ పేజీ పైన చూపాలో గూగుల్ లెక్కగట్టే పద్ధతిలో చేసే పెద్ద మార్పునే కోర్ అప్‌డేట్ అంటారు. 2024లో మార్చి 5న మొదలైనది ఏప్రిల్ 19 దాకా, 45 రోజులు నడిచింది. ఆ మధ్యలో ర్యాంకులు లేస్తాయి, పడతాయి. ముగిశాక కనీసం ఒక వారం ఆగి అప్పుడు లెక్క చూసుకోమని గూగుల్ వాళ్లే అంటారు. సైటు మొత్తం బ్యాకప్ తీసుకో.

అమీర్‌పేటలో నేను పనిచేసిన కోచింగ్ సెంటరు కథ నీకెప్పుడూ చెప్పలేదు. గూగుల్‌లో సైటు పైకి రావాలని మా ఓనరు వేరే సైట్లకు డబ్బిచ్చి మా సైటుకి లింకులు పెట్టించేవాడు. 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అనే గూగుల్ అప్‌డేట్ వచ్చింది. అది పట్టుకున్నది సరిగ్గా అలాంటి లింకులనే. సైటు పడిపోయింది. ఆయన ఆ లింకుల జోలికి మాత్రం పోలేదు. మా చేత పాఠాలు తీయించాడు, డిజైన్ మార్పించాడు, పేజీల అడ్రసులన్నీ మార్పించాడు. పాత అడ్రసుకి వచ్చినవాళ్లను కొత్తదానికి దానంతటదే పంపే రీడైరెక్ట్ కూడా పెట్టనివ్వలేదు. అంతా ఒక్క వారంలోనే! ఇంటర్వ్యూకి ముందు రోజు పిల్లలు చదువుకునే ప్రశ్నలూ జవాబులూ అందులోనే పోయాయి. ఆ నోట్సు మంచిదని మనసారా లింకిచ్చినవాళ్ల దగ్గర నుంచి వచ్చినా ఖాళీ పేజీయే. ఇన్ని మార్చాక, ఏది దేనివల్ల పడిందో చెప్పగలిగినవాళ్లు ఆఫీసులో ఒక్కరూ లేరు. నోట్సు రాసిన మాస్టారు బ్యాకప్ అడిగారు. లేదని తెలిశాక మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు. పైగా ఆ రోజుల్లో తప్పు దిద్దుకున్నా పెంగ్విన్ మళ్లీ వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే. 2014 అక్టోబరులో వచ్చినది, మళ్లీ 2016 సెప్టెంబరుకి గానీ రాలేదు. అంతవరకు ఆ సైటు నిలవలేదు.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. గూగుల్ నుంచి నీ సైటుకి ఎందరొచ్చారో చూపే సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్క ఉంటుంది. ఈ వారాలను పోయినేడు ఇవే వారాలతో పోల్చు. ఏప్రిల్, మే ఎండల్లో హైదరాబాదులో విత్తనాలు నాటేదెవరు? మృగశిర కార్తె దగ్గరపడితే గానీ వెతకరు. పోయినేడూ ఇలాగే పడి ఉంటే అది ఎండ దెబ్బ, అప్‌డేట్ దెబ్బ కాదు. తర్వాత పేజీ పేజీకీ విడిగా చూడు. రెండో స్థానం నుంచి నాలుగుకి జారితే ముట్టుకోకు. నాలుగు నుంచి ఇరవై తొమ్మిదికి పోతేనే కూర్చుని ఆలోచించు.

మందారం మొగ్గల మీద పిండినల్లి గురించి రాశావే, అది నాకెంత ఇష్టమో! తెల్లటి పొడి పట్టిన మొగ్గ ఫోటో, వేపనూనె కొట్టిన తర్వాత ఫోటో, రెండూ నీ ఫోనులో తీసినవే. అలాంటి పేజీని తీసేస్తానంటే నేను ఊరుకోను. 'సొరకాయ ప్రయోజనాలు' లాంటివి మాత్రం పదిచోట్ల చదివి కలిపి రాసినవే, నీకూ తెలుసు. ముందు వాటిని నీ కుండీల అనుభవంతో తిరగరాయి. బాగుచెయ్యడానికి వీల్లేనివైతేనే తీసెయ్యి. ఒకదాని తర్వాత ఒకటి మార్చు, ఏ రోజు ఏం మార్చావో రాసి పెట్టుకో.

ఫలితం కొన్నిటికి రోజుల్లో కనిపిస్తుంది, కొన్నిటికి నెలలు పడుతుంది, ఒక్కోసారి తర్వాతి కోర్ అప్‌డేట్ దాకా కనిపించదు. చేతిలో ఖర్చులకు డబ్బు లేకుండా ఉద్యోగం ఎలా మానేశావే? అడగడానికి మేమెవరం లేమా? అద్దె కష్టమైతే మా ఇంటికి వచ్చెయ్. పై గది ఖాళీగానే ఉంది, మిద్దె మీద కుండీలకూ చోటుంది.

మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సైటులోనే రాసిపెట్టింది. వాడికి ఒక్క రూపాయి కూడా పంపకు. శనివారం పొద్దున్నే వస్తాను, సెర్చ్ కన్సోల్ తెరిచి ఉంచు.

మీ అత్త