కారప్పొడి కంపెనీ వీడియోకు ప్రీ ప్రొడక్షన్ ఛార్జి ఎంత అడగాలి?

గుంటూరు కారప్పొడి కంపెనీకి రెండు నిమిషాల ప్రమోషనల్ వీడియో, "ముందు స్క్రిప్టు, స్టోరీబోర్డు పంపండి, రేటు తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు, ఎంత చెప్పాలి అని కదా మీ ప్రశ్న. రేటు తేలకుండా స్క్రిప్టు పంపకండి. కాన్సెప్టు నాలుగైదు వాక్యాల్లో ఊరికే ఇవ్వండి, అది దాటితే ప్రీ ప్రొడక్షనే, అంటే షూట్‌కు ముందు చేసే పని, దానికి బిల్లే.

నిమిషానికి ఇంత అని చెప్పొద్దు. ప్లానింగ్ శ్రమ నిడివిని బట్టి పెరగదు, ఎన్ని లొకేషన్లు, ఎంతమంది ఓకే అనాలి అన్నదాన్ని బట్టి పెరుగుతుంది. రోజుల లెక్క కట్టండి. అద్దె, జీతాలు, మీకు మిగలాల్సింది కలిపి నెలకు 60,000 కావాలి, బిల్లు పడే రోజులు 12 అనుకుంటే రోజుకు 5,000. 25తో భాగిస్తే మునుగుతారు, సగం రోజులు కొటేషన్లకీ ఫోన్లకే పోతాయి.

ఈ పనికి మీటింగు అరరోజు, రెక్కీ (షూట్ చేసే చోటును ముందే వెళ్లి చూడటం) ఒక రోజు, స్క్రిప్టు రెండు రోజులు, స్టోరీబోర్డు (ఒక్కో షాటు ఎలా ఉంటుందో చూపే బొమ్మలు), షాట్ లిస్టు రోజున్నర, షెడ్యూలు, పర్మిషన్లు ఒక రోజు. మొత్తం 6 రోజులు, 30,000. బొమ్మలు బయట ఆర్టిస్టుతో వేయిస్తే ఆ ఖర్చు, ప్రయాణం వేరు. జీఎస్టీ ఉంటే 18 శాతం, అంటే 5,400 విడిగా చూపండి.

బేరంలో అందరూ ముందు కోసేది రెక్కీనే. దాన్ని మాత్రం వదలకండి. మిషన్లు తిరుగుతున్నప్పుడే షెడ్డు చూడాలి. ఆగి ఉన్నప్పుడు చూస్తే చప్పుడూ తెలియదు, ఘాటూ తెలియదు. తీరా షూట్ రోజు ఎండీ గారు కెమెరా ముందు రెండు మాటలు అనేలోపే తుమ్ములు మొదలవుతాయి. ఇంటర్వ్యూ ఆఫీసు గదిలో పెట్టుకోవాలని రెక్కీలోనే తేలిపోవాలి. లైట్లకు 15 ఆంపుల ప్లగ్గు ఎంత దూరంలో ఉంది, ప్యాకింగ్ లైను ఏ రోజుల్లో నడుస్తుంది, అన్నీ రాసుకోండి. షెడ్డు లైట్లు కెమెరాలో మిణుకుమంటాయేమో షటర్ 1/50 పెట్టి ఒక క్లిప్పు తీసి చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. మిర్చి యార్డు షాట్లు అడిగితే సీజను చూసి తేదీ వేయండి, వేసవి సెలవుల్లో అక్కడ తీయడానికేం ఉండదు. గోడౌను గన్నవరం వైపు ఉండి డ్రోన్ కావాలంటే ముందు డిజిటల్ స్కై మ్యాపు (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూడాలి, అక్కడి విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా ఆంక్షలుంటాయి.

స్క్రిప్టు వాయిస్ ఓవర్ 200 పదాలు దాటనివ్వకండి, దాటితే పరుగెత్తి చదవాలి, విజువల్‌కు ఊపిరాడదు. మార్పులు రెండు సార్లు ఫీజులోనే, మూడోసారి నుంచి సారికి 2,500. ఫైనల్ ఓకే ఎవరిదో కొటేషన్‌లో పేరుతో సహా రాయండి. మార్కెటింగ్ మేనేజరు సరేనన్నాక ఎండీ గారి అబ్బాయి వచ్చి మొదటి నుంచీ తిరగరాయమనడం మామూలే, అలాంటప్పుడు కొత్త బిల్లు అవుతుంది.

సగం డబ్బు రెక్కీకి ముందు, మిగతా సగం స్క్రిప్టు ఖరారైన రోజు. షాట్ లిస్టు ఆ తర్వాతే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, కాబట్టి "పూర్తి చెల్లింపు తర్వాతే స్క్రిప్టు హక్కులు కంపెనీకి" అని ఒక లైను పెట్టండి. షూట్ కూడా మీకే ఇస్తే ఇందులో 5,000 దాకా అడ్జస్ట్ చేయొచ్చు, మొత్తం మాత్రం వద్దు. స్టోరీబోర్డు పీడీఎఫ్ మీద వాటర్‌మార్కు వేసి పంపండి.