న్యూక్లియర్ థియరీ చదివితే భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ రెండో ఏడాది పూర్తి చేసింది. న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు పరమాణు కేంద్రకాన్ని తాకితే ఏమవుతుందో లెక్కగట్టే పరిశోధన చేస్తానంటోంది. ఎంసీఏ చేయమంటే వినడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: అమ్మాయి కోరుతున్నదేమిటో తెలిస్తే మీ టెన్షన్ కొంత తగ్గుతుంది. అమెరికాలో డ్యూన్ అనే ప్రయోగం సిద్ధమవుతోంది. ఫెర్మీల్యాబ్ అనే పరిశోధనశాలలో పుట్టించిన న్యూట్రినోలను 1,300 కిలోమీటర్ల అవతల, సౌత్ డకోటా భూగర్భంలో ద్రవ ఆర్గాన్‌తో పట్టుకుంటారు. న్యూట్రినో నేరుగా కనిపించదు. అది ఆర్గాన్ కేంద్రకాన్ని కొట్టినప్పుడు బయటికొచ్చే కణాలే ఆధారం. వాటిని చూసి, వచ్చిన న్యూట్రినో శక్తి ఎంతో వెనక్కి లెక్కగట్టాలి. ఆ కేంద్రకంలో 18 ప్రోటాన్లు, 22 న్యూట్రాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ, నెట్టుకుంటూ ఉంటాయి. దెబ్బ ఒక్కదానికే తగలొచ్చు, జంటకూ తగలొచ్చు. మినీబూన్ అనే మరో న్యూట్రినో ప్రయోగంలో కార్బన్ మీద అనుకున్నదానికన్నా ఎక్కువ తాకిడులు కనిపించాయి. అంతకుముందు లెక్కల్లో ఈ జంటలను వదిలేయడమే అందుకు ముఖ్య కారణమని సిద్ధాంతకర్తలు చూపించారు. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఇలాంటి పనే. వందల కోట్ల డాలర్ల ప్రయోగం దాని మీద ఆధారపడి ఉంది.

దారి మాత్రం పొడవు. ఎంఎస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. పర్మనెంట్ పోస్టులు తక్కువ, ఈ విషయం ఇంట్లో కూర్చుని స్పష్టంగా మాట్లాడుకోండి. అయితే పీహెచ్‌డీ మీకు ఖర్చు కాదు: జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. పైగా ఈ పనిలో సగం కోడింగే. యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కగట్టే మాంటే కార్లో పద్ధతులు, సూపర్ కంప్యూటర్ల మీద నడిపే ప్రోగ్రాములు చేతికొచ్చాక, మధ్యలో దారి మార్చుకున్నా డేటా సైన్స్ వైపు వెళ్లొచ్చు. ఎంసీఏతో వచ్చే అవకాశాలన్నీ పోయినట్టు కాదు. మన దేశంలో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో ఈ లెక్కలు చాలాకాలంగా చేస్తున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూట్రినోల మీద పనిచేసేవాళ్లున్నారు.

ఈ సెలవుల్లో అమ్మాయికి ఒక పని చెప్పండి. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన డ్యూటెరాన్ అనే కేంద్రకాన్ని తీసుకుని, క్వాంటమ్ మెకానిక్స్‌లోని ష్రోడింగర్ సమీకరణాన్ని పైథాన్‌లో తనే సాధించాలి. ఆ రెంటినీ విడదీయడానికి కావలసిన బంధన శక్తి 2.2 ఎంఈవీ (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం). వాటి మధ్య ఆకర్షణను ఒక బావిలా ఊహించుకుని, దాని వెడల్పు 2.1 ఫెర్మీలు (కేంద్రకాల స్థాయి దూరాల కొలత) పెడితే లోతు 35 ఎంఈవీ దగ్గర రావాలి. మొదట వేరే ఏదో వస్తుంది. ఎక్కడ తప్పిందో వెతుక్కుంటూ భోజనానికి పిలిచినా లేవకపోతే, సెప్టెంబరులో ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు మీరే దగ్గరుండి పెట్టించండి.