ఇంటర్వ్యూకి వెళ్లే అమ్ములుకి

అమ్ములూ,

ఐఐఎం నుంచి ఎంబీఏ ఇంటర్వ్యూకి కాల్ వచ్చిందని చెబుతున్నప్పుడు మీ నాన్న గొంతు వణికింది. నాకూ కళ్లు చెమర్చాయి. రాత్రి నువ్వు పంపిన కోచింగ్ సెంటర్ నోట్సు చూశాను. వంద ప్రశ్నలు, వంద రెడీమేడ్ జవాబులు. వాటిని బట్టీ పట్టడం ఇవాళే ఆపెయ్యి తల్లీ.

ప్యానెల్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఇరవై నిమిషాలు అటూ ఇటూగా మాట్లాడతారు. వాళ్ల చేతిలో నువ్వు నింపిన ఫారం ఉంటుంది. అందులోని ప్రతి ముక్కనూ తవ్వుతారు.

నా మొదటి ఇంటర్వ్యూ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. తండ్రి వృత్తి దగ్గర వ్యవసాయం అని రాశాను. ఏం పండిస్తారని అడిగారు. మిర్చి అన్నాను. ఎకరానికి ఎంత పెట్టుబడి, ధర ఎవరు కడతారు అన్నారు. నోట మాట రాలేదు. ద్రవ్యోల్బణం గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మీ తాతయ్య చేలో ఎంత పోస్తున్నాడో మాత్రం ఒక్కరోజూ అడగలేదు. ఆ ఏడు సీటు రాలేదు. తర్వాతి ఏడు వచ్చింది కానీ, ఆ రోజు తల దించుకున్న బాధ చాలాకాలం పోలేదు.

అందుకే వచ్చే శుక్రవారం సెలవు పెట్టి గుంటూరు వెళ్లు. శని, ఆదివారాలు మిర్చి యార్డు ఉండదు. నాన్నతో పొద్దున్నే వెళ్లి, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే దగ్గర్నుంచి కాటా పడేదాకా నిలబడి చూడు. తేజ రకానికీ తాలుకీ (రంగు పోయిన నాసిరకం కాయకీ) ధరలో ఎంత తేడా ఉంది, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మీద అప్పు ఎలా పుడుతుంది, చైనా కొనుగోళ్లు తగ్గితే మన దగ్గర రేటు ఎందుకు పడుతుంది, అన్నీ కమీషన్ వ్యాపారినే అడుగు. మిర్చి కేంద్రం ఇచ్చే మద్దతు ధరల జాబితాలో లేదు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించారు. అది రైతుకి గిట్టుబాటేనా? నీకంటూ ఒక అభిప్రాయం ఉండాలి. దానికి ఎదురు వాదన కూడా నీకే తెలిసుండాలి, ఎందుకంటే ప్యానెల్ అటువైపు నుంచే వస్తుంది. బడ్జెట్, రెపో రేటు (బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) కూడా ఇలాగే మీ నాన్న పంట రుణం దగ్గర మొదలుపెట్టి చదువు, గుర్తుంటాయి.

గ్రూప్స్‌కి చదివిన ఏడాదిన్నరను ఎలా కప్పిపుచ్చాలని అడిగావు. కప్పొద్దమ్మా. "ప్రయత్నించాను, ప్రిలిమ్స్ దాటలేదు, తర్వాత ఉద్యోగంలో చేరాను" అని మూడు ముక్కల్లో చెప్పి ఆగు. సంజాయిషీ పెరిగేకొద్దీ వాళ్లకి అనుమానం పెరుగుతుంది. ఆ చదువులో నీకు పట్టుబడ్డ రాజ్యాంగం, ఎకానమీ మీద అడిగితే మాత్రం తడుముకోకూడదు.

ఎంబీఏ ఎందుకంటే "లీడర్‌షిప్ కోసం" అనొద్దు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ తేదీ ఎవరు, ఎందుకు నిర్ణయిస్తారో తెలియకుండానే రాత్రుళ్లు టెస్టింగ్ చేశానని సంక్రాంతికి నువ్వే నాతో అన్నావు. ఆ నిర్ణయాలు జరిగే గదిలో ఉండాలనుందని కూడా అన్నావు. అదే నీ జవాబు.

ఈసీఈలో నీకిష్టమైన రెండు సబ్జెక్టులు మళ్లీ తిరగెయ్యి. ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు, చిన్న వాక్యాలతో నిదానంగా మాట్లాడు. తెలియనిది తెలియదనే చెప్పు, ఊహించి చెప్పి ఇరుక్కోకు. మధ్యలో అడ్డుపడితే ఆగి, వాళ్లడిగింది పూర్తిగా విను. మార్కుల మెమోలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఒరిజినల్స్, జిరాక్సులు ఒకే ఫైల్లో పెట్టుకో.

ఫారం కాపీ నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం సాయంత్రం ఏడింటికి నేనూ పిన్నీ ప్యానెల్‌గా కూర్చుంటాం. యార్డు గురించే మొదలుపెడతాను.

మీ బాబాయి